అరచేతిలో పట్టాల్సిన ఇంజను

ఎర్రగుట్ట జంక్షన్‌లో పాత గూడ్స్ షెడ్డు వెనకాల రాష్ట్ర నమూనా శకటాల అభివృద్ధి సంస్థ వారి కార్యాలయం ఉంది. ఊళ్ళో వాళ్ళు దాన్ని బొమ్మరైళ్ళ ఆఫీసంటారు. మేనేజింగ్ డైరెక్టర్ శేషాచలపతి గారికి ఆ పేరు గిట్టదు. "బొమ్మ వేరు, నమూనా వేరు. బొమ్మకు ఆట ఉంటుంది, నమూనాకు బాధ్యత ఉంటుంది" అని ఆయన ప్రతి సభలోనూ చెప్పేవారు. సభలు తరచుగా జరిగేవి.

ఆ ఏడాది ఉగాది మర్నాడు జరిగిన సభలో ఆయన రాబోయే విడుదలల పోస్టరును విడుదల చేశారు. పోస్టరు నిండా రంగురంగుల రైలింజన్లు. మొట్టమొదటిది మీటరుగేజి రోజుల్లో ఎర్రగుట్ట మీదుగా తిరిగిన నల్లటి బొగ్గింజను. దాని కింద "మీ అరచేతిలో అసలు రైలు, ఈ దసరాకే" అని రాసి ఉంది. వాటన్నిటినీ తయారు చేయాల్సిన ఇందుమతి వెనక వరసలో కూర్చుని, వాటిని అందరితో పాటు అప్పుడే మొదటిసారి చూసింది.

ఇందుమతి ఉత్పత్తి విభాగం ఇన్‌చార్జి. ఆమె చేతికింద అచ్చులు కోసే మస్తానూ, మరికొందరు పనివాళ్ళూ ఉన్నారు. అందరివీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగాలే. ఈసారి ఒక్క ఇంజనైనా బజారులోకి రాకపోతే వర్క్‌షాపు ఎత్తేస్తామని పైనుంచి ఖచ్చితంగా చెప్పేశారు. అందుకని చప్పట్లు కొడుతున్నప్పుడు ఆమె చేతులు మిగతా వాళ్ళ కన్నా కొంచెం నెమ్మదిగా కదిలాయి.

సభ అవగానే బుకింగు మొదలైంది. వరసలో ముందు నిలబడ్డ మనిషి పేరు సాల్మన్‌రాజు. రిటైరైన డ్రైవరు. పోస్టరులో ఉన్న ఇంజన్ని ముప్పై ఏళ్ళకు పైగా నడిపినవాడు. ఆయనకు కళ్ళలో నీటికాసులు వచ్చి చూపు దాదాపు పోయింది. వెలుగూ నీడా మాత్రం తెలుస్తాయి.

"నాకు కనపడదు లేమ్మా," అన్నాడు ఇందుమతితో. "చేత్తో పట్టుకుంటే చాలు. తలగడ పక్కన పెట్టుకుంటా. నిద్ర రానప్పుడు అట్ల తడుముకుంటా ఉంటా. దసరాకు ఇస్తారు గదా?"

"ఇస్తాం డ్రైవర్ సార్," అంది ఇందుమతి. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది.

పని అంత సుళువుగా సాగలేదు. వేలి గోరంత చక్రాలు పోత పోస్తే చల్లారేసరికి కుంచించుకుపోయి పట్టాల మధ్యన పడిపోయేవి. పొగగొట్టం సరిగ్గా వస్తే చక్రం వంకర, చక్రం సరిగ్గా వస్తే పొగగొట్టం వంకర. చిన్న మోటార్లు కావాలని రాస్తే, ధర తక్కువని కొనుగోలు విభాగం గోడగడియారాల మోటార్లు తెప్పించింది. వాటిని బిగిస్తే ఇంజను గంటకొక చుట్టు తిరిగింది. చాలా ఖచ్చితంగా తిరిగింది. మస్తాన్ వాటిని పక్కన పడేసి, పట్నంలో తన బావమరిది పనిచేసే దుకాణం నుంచి వేరేవి తెప్పించాడు. వానలు మొదలయ్యేసరికి అరచేతి పొడవున, నల్లగా నిగనిగలాడుతూ, ముందుకీ వెనక్కీ పరుగెత్తే ఒక ఇంజను తయారైంది. మస్తాన్ దాన్ని బల్ల మీద వదిలి, అది అంచుదాకా వచ్చి ఆగేదాకా ఊపిరి బిగపట్టి చూశాడు.

"మేడమ్, ఇది మన బిడ్డ," అన్నాడు.

బిడ్డను ఇందుమతి జేబురుమాల్లో చుట్టి మేనేజింగ్ డైరెక్టర్ గారి గదికి తీసుకువెళ్ళింది. శేషాచలపతి గారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. కాని పక్కనే ప్రభుత్వ భద్రతాధికారి వామనమూర్తి ఉన్నారు. ఆయన ముఖంలో ఎప్పుడూ అలాంటిది కనిపించలేదు.

"హెచ్చరిక ఎక్కడ?" అన్నారు వామనమూర్తి.

కొత్తగా వచ్చిన నిబంధన ప్రకారం పిల్లల చేతికి చిక్కే అవకాశమున్న ప్రతి వస్తువు మీదా, "మూడేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదు, నోట్లో పెట్టుకోరాదు, మింగరాదు" అన్న హెచ్చరిక మూడు భాషల్లో ఉండాలి. అది ఆరడుగుల దూరం నుంచి చదవడానికి వీలుగా ఉండాలి.

"అది బొమ్మలకు కదా సార్? మనది నమూనా అని మీరే..." అంది ఇందుమతి.

"నమూనాయే," అన్నారు శేషాచలపతి గారు. "అయితే పిల్లవాడి చేతికి వెళ్ళిన మరుక్షణం అది బొమ్మగా పరిణమిస్తుంది. ఆ పరిణామాన్ని సంస్థ ముందుగానే ఊహించవలసి ఉంటుంది."

"ఆరడుగులు ఎందుకు సార్?"

"బొమ్మ నేల మీద ఉంటుంది. తండ్రి నిలబడి ఉంటాడు," అన్నారు వామనమూర్తి. "తండ్రి వంగాలని మనం నిర్బంధించలేం."

పెట్టె మీద రాస్తే సరిపోదా అని అడిగింది ఇందుమతి. పెట్టెను ఎవరూ మింగరని జవాబొచ్చింది. ఇంజను అడుగున రాస్తామంది. రైలు బోల్తా పడ్డాక హెచ్చరిక కనిపించి ప్రయోజనమేమిటని వామనమూర్తి అడిగారు. చివరికి శేషాచలపతి గారే మార్గం చెప్పారు.

"సమస్య హెచ్చరికది కాదు. స్థలాభావానిది. ఇంజను పరిమాణాన్ని తగు మేరకు పెంచండి."

అచ్చులన్నీ మళ్ళీ కోశారు. పాత అచ్చులను ఎవరూ వాడకుండా పగలగొట్టాలని ఆదేశం వస్తే, మస్తాన్ సుత్తి తీసుకుని ముఖం పక్కకు తిప్పుకుని పగలగొట్టాడు. కొత్త ఇంజను మోచేతి పొడవున వచ్చింది. రెండు పక్కలా మూడు భాషల్లో హెచ్చరిక నిండుగా కనిపించింది.

వామనమూర్తి దాన్ని చేత్తో ఎత్తి చూశారు. "బరువుంది. పిల్లవాడి కాలిమీద పడితే?"

కాలిమీద పడవచ్చునన్న హెచ్చరికను చేర్చాలంటే ఇంకొంచెం స్థలం కావాల్సి వచ్చింది. ఇంజను మోకాలెత్తుకు పెరిగింది. మోకాలెత్తు వస్తువు మీద పిల్లలు ఎక్కి కూర్చుంటారు కాబట్టి, ఎక్కరాదు అని రాయాల్సి వచ్చింది. ఎక్కినవాళ్ళు దిగుతారు కాబట్టి, నడుస్తుండగా దిగరాదు అని కూడా. ఇవన్నీ పట్టేలా ఇంజన్ని నడుమెత్తుకు పెంచాక వామనమూర్తి దాని ముందు నిలబడి, నాలుగడుగులు వెనక్కి నడిచారు.

"ఇప్పుడు నేనేం చేశానో గమనించారా ఇందుమతి గారూ?"

"వెనక్కి జరిగారు సార్."

"ఎందుకు జరిగాను? వస్తువు పెద్దదైంది. పెద్ద వస్తువును మనిషి దూరం నుంచి చూస్తాడు. కనుక ఆరడుగుల నుంచి కాక పన్నెండడుగుల నుంచి చదవగలగాలి. అక్షరాలు రెట్టింపు కావాలి."

"అక్షరాలు రెట్టింపైతే ఇంజను రెట్టింపు కావాలి సార్. ఇంజను రెట్టింపైతే మీరు మళ్ళీ వెనక్కి జరుగుతారు."

"జరుగుతాను," అన్నారు వామనమూర్తి. "అది నా విధి."

ఇందుమతి ఆ రోజు వర్క్‌షాపుకు తిరిగి వచ్చి కొలతలన్నిటినీ రెట్టింపు చేసి కాగితం మీద రాసింది. ఒప్పుకోకపోతే ఇంజను ఆగుతుంది. ఇంజను ఆగితే ఈ మనుషులందరి పనీ ఆగుతుంది. మస్తాన్ కొత్త కొలతల కాగితం చూసి, "మేడమ్, ఇది పోతపోసే పని కాదు. ఇంక రేకులు తెచ్చి వెల్డింగ్ చెయ్యాల్సిందే," అన్నాడు. రేకులు తెచ్చారు.

సాల్మన్‌రాజు సోమవారం సోమవారం వచ్చేవాడు. మొదట్లో, "గూట్లో చోటు చేసి పెట్టినామ్మా," అన్నాడు. మోచేతి పొడవని చెప్పినప్పుడు, "పర్వాలేదు, బల్ల మీద పెట్టుకుంటాం," అన్నాడు. నడుమెత్తని చెప్పినప్పుడు కాసేపు ఆలోచించి, "వరండాలో మంచం తీసేస్తే పడుతుందేమో చూస్తాం," అన్నాడు. దసరా వెళ్ళిపోయింది, దీపావళి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చిన సోమవారం వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి, లోపలి సుత్తి దెబ్బలు విని, ఆయన మెల్లగా అడిగాడు.

"ఏమ్మా, లోపల బాయిలరు చేస్తా ఉండారా? నిజం బాయిలరు శబ్దం వస్తాంది."

ఇందుమతికి ఆయన ముఖంలోకి చూడబుద్ధి కాలేదు. "బుకింగు రద్దు చేసుకోండి డ్రైవర్ సార్," అంది.

"చేసుకుందామనే పోతి. రద్దు చేసే కౌంటరు ఇంకా పెట్టలేదంట. అది వచ్చే ఏడాది విడుదలంట."

సంక్రాంతిలోగా ఇంజను పూర్తయింది. ఎత్తు తాటాకు పందిరి కన్నా ఎక్కువ. పొడవు చూస్తే, ఒకప్పుడు ఆ దారిన తిరిగిన అసలు ఇంజను కన్నా రెండడుగులు ఎక్కువ. ఈ సంగతి ఇందుమతి భయపడుతూనే చెప్పింది. శేషాచలపతి గారు మాత్రం లేచి నిలబడి కరచాలనం చేశారు.

"నమూనా అసలును మించిపోవడం ఏ రాష్ట్రంలోనూ జరగలేదు. దీన్ని పత్రికలకు తెలియజేయండి."

వామనమూర్తి కూడా తృప్తిపడ్డారు. ఇంజను మీద నల్లరంగు అంగుళమైనా కనిపించలేదు. అన్ని వైపులా ఎర్రటి అక్షరాలే. చూపు లేనివారికి కూడా హెచ్చరిక అందాలని చివరి నిమిషంలో ఒక సవరణ వచ్చింది. దానితో అక్షరాలన్నిటినీ రేకు మీద ఉబ్బెత్తుగా చేశారు.

విడుదల రోజున సన్నాయి మేళం పెట్టారు. ఇంజను వర్క్‌షాపు తలుపులోంచి రాలేదు కాబట్టి గోడ పగలగొట్టారు. గోడ పగలగొట్టే కార్యక్రమాన్ని కూడా శేషాచలపతి గారే గడ్డపారతో లాంఛనంగా ప్రారంభించారు. "ఈ సంస్థకు అడ్డుగోడలు లేవు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత పెద్ద ట్రెయిలరు లారీ మీద ఇంజన్ని ఎక్కించి, మొదట బుక్ చేసిన వినియోగదారుడికి అందజేయడానికి రైల్వే కాలనీ వెనక వీధికి ఊరేగింపుగా తీసుకువెళ్ళారు. దారిలో మూడు చోట్ల కరెంటు తీగలు కోయాల్సి వచ్చింది.

సాల్మన్‌రాజు ఇల్లున్న సందులో రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకరు దిగాలి. ఇంజన్ని క్రేనుతో సందు మొదట్లో ఒక వరండా మీంచి దాటించి, ఆయన గుమ్మం ముందు దింపారు. దింపాక గుమ్మం కనిపించలేదు. ఆయన లోపలే ఉన్నాడు. పక్కింటి వాళ్ళు పెరటి గోడ మీంచి ఆయన్ని ఎత్తి బయటికి తెచ్చారు. ముట్టినట్టు సంతకం పెట్టించుకుని అధికారులు వెళ్ళిపోయారు.

ఇందుమతి మాత్రం ఉండిపోయింది. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఇంజను దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆయన రెండు చేతులూ చాచి రేకును తాకాడు. వేళ్ళు అలవాటుగా పైకి వెతుక్కుంటూ పోయాయి. తలుపు పక్కన కడ్డీ ఉండాల్సిన చోట ఉబ్బెత్తు అక్షరాలు తగిలాయి. దాని కింద మెట్టుండాల్సిన చోటా అక్షరాలే. ఆయన ఒక్కొక్క అక్షరం తడుముతూ కూడబలుక్కున్నాడు. నోట్లో పెట్టుకోరాదు. మింగరాదు. ఎక్కరాదు.

కాసేపటికి ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంతకాలం నడిపినా గదమ్మా, దీన్ని మింగొద్దని నాకు ఎవరూ చెప్పలేదు," అన్నాడు. "ఏదో దేవుని దయ."

ఇందుమతి నవ్వలేకపోయింది. ఇంజను చాటుకు వెళ్ళి కొంగుతో ముఖం కప్పుకుంది.

ఆ తర్వాత సందులో వాళ్ళు ఫిర్యాదు చేశారు. సంస్థ సమాధానం ఇచ్చింది: వస్తువు తిరిగి ఇవ్వదలచినచో, అది వచ్చిన పెట్టెలోనే పెట్టి ఇవ్వవలెను. పెట్టె లేకుండా వచ్చిందని రాస్తే, పెట్టె లేని వస్తువును సంస్థ విడుదల చేయదు గనుక సదరు వస్తువు సంస్థది కాదేమోనన్న సందేహం పరిశీలనలో ఉన్నదని రాశారు. పురపాలక సంఘం వాళ్ళు ఆక్రమణ కింద నోటీసు అంటించడానికి జిగురు డబ్బాతో వచ్చారు. ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఒక హెచ్చరిక మీద ఇంకొకటి అంటించడం నేరం. ఖాళీ చోటేమో ఎక్కడా లేదు. జిగురు ఎండిపోయాక వెళ్ళిపోయారు. నోటీసు అంటించకుండా తొలగించడానికి వీల్లేదు కాబట్టి ఇంజను అక్కడే ఉండిపోయింది. దాని మీద సందులోని ఆడవాళ్ళు వడియాలు పెట్టుకున్నారు. సాల్మన్‌రాజుకు పెరటి గోడ పగలగొట్టి వేరే గుమ్మం పెట్టించారు.

బుక్ చేసిన మిగతా వాళ్ళు ఇది చూసి ఊరు వదిలి బంధువుల ఇళ్ళకు పోయారు. చిరునామాలో మనుషులు లేనందువల్ల సంస్థ వాళ్ళ ఇంజన్ల తయారీని నిలిపివేసింది. ఏడాది చివర సంస్థకు భద్రతా పురస్కారం వచ్చింది. ఆ సంస్థ వస్తువు వల్ల రాష్ట్రంలో ఒక్క పిల్లవాడికీ చిన్న గాయమైనా కాలేదట. పురస్కారం అందుకున్న మర్నాడు శేషాచలపతి గారు ఇందుమతిని పిలిపించారు.

"లక్ష్యం నెరవేరింది. ఇంజను విడుదలైంది. లక్ష్యం నెరవేరిన విభాగాన్ని కొనసాగించడం వృథా వ్యయం అవుతుంది. మీ సేవలను సంస్థ ఎప్పటికీ..." అని ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. వర్క్‌షాపు గోడ ఇంకా కట్టలేదు. లోపల పనివాళ్ళు పనిముట్లు మూటకట్టుకుంటున్నారు.

ఇందుమతి బయటికి వచ్చి మస్తాన్‌ను అడిగింది. "ఆ మొదటి ఇంజను కొలతలు నీకు గుర్తున్నాయా?"

"బిడ్డ కొలతలు ఎవరైనా మర్చిపోతారా మేడమ్?"

స్టేషన్ రోడ్డులో సైకిల్ షాపు పక్కన ఒక గది అద్దెకు తీసుకున్నారు. అచ్చు మళ్ళీ మొదటినుంచీ కోశారు. ఈసారి మోటారు పెట్టలేదు. ఇత్తడిలో గట్టిగా, బరువుగా పోత పోసి నల్లరంగు వేశారు. చక్రాలు మాత్రం తిరుగుతాయి. మొదటిది తీసుకుని ఇందుమతే సాల్మన్‌రాజు ఇంటికి పెరటి గుమ్మంలోంచి వెళ్ళింది. ఆయన దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, బొటనవేలితో పొగగొట్టం దగ్గర మొదలుపెట్టి, బాయిలరు మీదుగా వెనక్కి తడుముతూ పోయాడు. ఒక చోట వేలు ఆగింది.

"ఈడనే నిలబడేవాణ్ణి," అన్నాడు. వేలు అక్కణ్ణుంచి తీయలేదు. ఆమె పక్కనే కూర్చుంది.

వారం తిరక్కుండానే వామనమూర్తి ఆ అద్దెగదికి తనిఖీకి వచ్చారు. అలమరలో వరసగా పెట్టిన ఇంజన్లను చూసి ఆయన కళ్ళు మెరిశాయి.

"ఏమిటివి?"

"పేపర్ వెయిట్లు సార్," అంది ఇందుమతి.

"పేపర్ వెయిటుకు చక్రాలెందుకు?"

"ఈ కాగితం మీంచి ఆ కాగితం మీదికి పోవడానికి సార్."

"పిల్లలు ఆడుకుంటే?"

"ఆఫీసు సామాను పిల్లలకెవరిస్తారు సార్?"

వామనమూర్తి సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి, కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చూశారు. మస్తాన్ టీ తెప్పించాడు. టీ చల్లారిపోయింది. చివరికి ఆయన పుస్తకం మూసి, ఎంతో బరువు దిగినవాడిలా ఊపిరి వదిలారు.

"కార్యాలయ సామగ్రి. అది వేరే శాఖ," అన్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కి నడిచి చూసి, వెళ్ళిపోయారు.

పేపర్ వెయిట్లకు గిరాకీ బాగా వచ్చింది. బ్యాంకులో, తాలూకాఫీసులో, స్కూలు హెడ్మాస్టర్ల బల్లల మీద కాగితాలు ఎగిరిపోవడం అంత పెద్ద సమస్య అని ఎర్రగుట్టలో అంతకుముందు ఎవరూ గమనించలేదు. పాత పనివాళ్ళలో చాలామంది ఒక్కొక్కరే తిరిగి వచ్చి పనిలో చేరారు. ఊరు వదిలిపోయినవాళ్ళు కూడా సంగతి తెలిసి తిరిగొచ్చి, ఇంటికొకటి కొనుక్కున్నారు. వాళ్ళ ఇళ్ళలో కాగితాలు ఏమున్నాయో ఇందుమతి అడగలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నమూనా శకటాల సంస్థ నుంచి కబురొచ్చింది. మేనేజింగ్ డైరెక్టర్ గారికి ఒక పేపర్ వెయిటు కావాలి, స్వయంగా తెచ్చి ఇవ్వాలి. ఇందుమతి తీసుకువెళ్ళి ఇచ్చింది. శేషాచలపతి గారు దాన్ని ఒక ఫైలు మీద పెట్టించుకుని, చూడనట్టే తలూపి, రశీదు పక్క గదిలో తీసుకోమన్నారు. ఆమె రశీదు తీసుకుని తిరిగి వస్తూ, చెప్పి వెళ్దామని ఆయన గది తలుపు తోసింది.

ఫ్యాను ఆపేసి ఉంది. శేషాచలపతి గారు కుర్చీలో ముందుకు వంగి, గడ్డం బల్లకు ఆనించి, ఒంటి వేలితో ఇంజన్ని ఫైళ్ళ మీంచి నెడుతున్నారు. ఫైళ్ళు అయిపోయి బల్ల అంచు వచ్చేసరికి మూతి సున్నాలా చుట్టి, పక్క గదిలోకి వినపడనంత సన్నగా కూత పెట్టారు.

తలెత్తి ఆమెను చూశారు. నిటారుగా కూర్చున్నారు.

"బరువు పరీక్షిస్తున్నాను."

"పరీక్షించండి సార్," అంది ఇందుమతి.

ఆమె తలుపు దగ్గరికి వెళ్ళాక ఆయన గొంతు సవరించుకున్నారు. చూపు ఇంజను మీంచి తీయకుండానే అడిగారు.

"ఇందుమతి గారూ, దీని వెనకాల తగిలించుకోవడానికి... వేరే పేపర్ వెయిట్లు ఏమైనా రాబోతున్నాయా?"

"ఎన్ని కాగితాలున్నాయి సార్?"

శేషాచలపతి గారు తన గదిలోని ఫైళ్ళన్నిటినీ ఒకసారి కలయజూశారు.

"చాలా ఉన్నాయమ్మా," అన్నారు ఆశగా.